సీలు మార్చినా ఆయిల్ ఆగట్లేదా?

(డీజిల్ బండ్ల మీద పాఠకుల ప్రశ్నలకు, హైదరాబాద్‌లో ఒక బస్ డిపోలో 31 ఏళ్లు మెకానిక్‌గా పనిచేసి రిటైరైన మా శీర్షిక నిర్వాహకుడి జవాబులు)

ప్రశ్న: సార్, నమస్తే. మాది బోడుప్పల్. నాది 2009 మోడల్ బొలెరో పికప్. రోజూ తెల్లవారుజామున మూడింటికి బోయిన్‌పల్లి మార్కెట్‌కు పోయి కూరగాయలు ఎత్తుకొచ్చి ఇటు దుకాణాలకు వేస్తాను. ఆరు నెలల నుంచి బండి కింద ఆయిల్ పడుతోంది. ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య నుంచి కారుతోందని, గేర్‌బాక్సు దించి వెనక క్రాంక్ సీలు (తిరిగే క్రాంక్ ఇరుసు చుట్టూ ఆయిల్‌ను ఆపే రబ్బరు) మార్చారు. 7,000 అయింది. కిందికి వేలాడేసిన బ్రీదర్ పైపు నుంచి కూడా చుక్కలు పడుతుంటే అదే రోజు దాని చివర గుడ్డ బిగించి కట్టారు. వారం బాగుంది, మళ్లీ మొదలైంది. ఇప్పుడు పది రోజులకో లీటరు పోస్తున్నాను. సీలు మళ్లీ మార్చాలంటున్నారు. ఇంటి ముందు నేలంతా నల్లగా అయి పక్కింటివాళ్లతో మాటలు పడుతున్నాను. ఏం చేయమంటారు?
– పేరు రాయవద్దన్నారు, బోడుప్పల్

జవాబు: తమ్ముడూ, సీలు జోలికి ఇప్పుడే పోకండి. ముందు ఆ గుడ్డ తీసేయండి. ఇది చదివిన రోజే తీసేయండి.

మీ ఉత్తరంలో ఆ ఒక్క వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. పిస్టన్ మీద మండిన గ్యాసులో కొంత రింగుల సందుల్లోంచి కింద ఆయిల్ ఉండే ఛాంబర్‌లోకి దిగుతుంది. కొత్త ఇంజన్లోనూ దిగుతుంది, అరిగినదాంట్లో ఇంకా ఎక్కువ. గ్యారేజీల్లో బ్యాక్ కంప్రెషన్ అనేది దీన్నే. అది బయటికి పోయే దారే బ్రీదర్. దాని మూతి కట్టేస్తే ఆ గాలి ఎక్కడికి పోవాలి? క్రాంక్ సీలు పెదవి సన్నటి రబ్బరు. చిమ్మే ఆయిల్‌ను ఆపుతుంది గానీ లోపలి నుంచి తోసే గాలిని ఆపలేదు. ఆ అంచు కాస్త లేస్తే చాలు, గాలితో పాటు ఆయిలూ బయటికొస్తుంది. వెనక సీలే కాదు, ఇంజను నెత్తి మీది ట్యాపెట్ కవర్ ప్యాకింగు, ఛాంబర్ ప్యాకింగు, ఆయిల్ మట్టం చూసే గేజి కడ్డీ మూతి, ఏది బలహీనంగా ఉంటే అక్కడి నుంచి తన్నుకొస్తుంది.

నాకు ఇది తెలిసింది పుస్తకాల్లో చదివి కాదు. పనిలో చేరిన మూడో ఏడు ఒక బస్సుకు గేర్‌బాక్సు దించి సీలు వేశాను. చాలా శ్రద్ధగానే వేశాను. నాలుగో రోజు డ్రైవరు వచ్చి చేయి పట్టుకుని బస్సు దగ్గరికి తీసుకుపోయాడు. ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య ఉండే బెల్ హౌసింగ్ అడుగున మళ్లీ చుక్క వేలాడుతోంది. మా పెద్ద మెకానిక్ నన్ను ఒక్క మాట అనలేదు. బ్రీదర్ పైపు విప్పమన్నాడు, బల్లకేసి కొట్టమన్నాడు. నాలుగు దెబ్బలకు నా బొటనవేలంత మడ్డి ముద్ద రాలింది, నల్లగా, తారులాగా. పైపు కడిగి బిగించాం, బెల్ హౌసింగ్ తుడిచి బస్సును రూటుకు పంపాం. ఆ చుక్క మళ్లీ కనపడలేదు. నేను వేసిన సీలులో ఏ తప్పూ లేదు. అప్పటి నుంచి ఎవరు ఆయిల్ కారుతోందని వచ్చినా నా చేయి ముందు బ్రీదర్ మీదికే పోతుంది.

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. గుడ్డ తీశాక పైపు మొత్తం విప్పి కిరసనాయిలుతో కడగండి. ఒక కొసన ఊదితే రెండో కొసన గాలి ధారాళంగా రావాలి. తర్వాత ఇంజను వేడెక్కనిచ్చి, స్లోలో (యాక్సిలరేటర్ నొక్కకుండా) ఉంచి, ఆయిల్ పోసే మూతను విప్పి ఆ రంధ్రం మీద ఊరికే బోర్లించండి. కొద్దిగా వణికితే మీ బండి వయసుకు అది మామూలే. ఎగిరెగిరి పడుతూ పొగ బుస్సున వస్తుంటే రింగులు, పిస్టన్ ఆడే లైనర్లు అరిగాయన్నమాట. అప్పుడు కంప్రెషన్ చెక్ చేయించాలి. ఆ పరిస్థితిలో ఎన్ని సీళ్లు మార్చినా నిలవవు, ఆ 7,000 ఇంజను పనికి దాచుకోవడమే మేలు. పైపు నుంచి చుక్కలు పడతాయన్న బెంగ ఉంటే, ఆ కొసను ఒక ప్లాస్టిక్ డబ్బాలోకి వదిలి, డబ్బా మూతకు గాలి పోయేంత బెజ్జం పెట్టండి. నేల పాడవదు, ఇంజనూ ఊపిరి తీసుకుంటుంది.

గేజి కడ్డీ కూడా చూడండి. పై గీత దాటి ఆయిల్ పోసి ఉంటే అదీ సీళ్లను తోస్తుంది. ఆయిల్ పోయకుండానే మట్టం పెరుగుతుంటే, కడ్డీకి డీజిలు వాసన వస్తుంటే, డీజిలు ఛాంబర్‌లోకి దిగుతోందని అర్థం. అలాంటి బండిని నడపకండి.

బ్రీదర్ బాగై, మూత ఎగరకపోయినా ఇంకా కారుతుంటే అప్పుడు వెతుకులాట మొదలు. పెంకుటింట్లో వాన నీళ్లు పడే చోటికి సరిగ్గా పైనే పెంకు పగిలి ఉండదు కదా. ఎక్కడో పైన పగిలితే నీళ్లు వాసం పట్టుకుని జారి మంచం మీద పడతాయి. ఇంజనూ అంతే. ఆయిల్ పైన పుట్టి, బ్లాకు వెంట జారి, బండి పరుగులో గాలి వెనక్కి తోస్తే బెల్ హౌసింగ్ అడుగున చుక్కగా వేలాడుతుంది. కింద పడుకుని చూసినవాళ్లకు వెనక సీలే దొంగలా కనిపిస్తుంది.

చల్లని ఇంజనును బ్రష్షుతో, కిరసనాయిలుతో బాగా కడిగి ఆరనివ్వండి. కడిగేటప్పుడు ఆల్టర్నేటర్‌కు, సెల్ఫుకు ప్లాస్టిక్ కవరు చుట్టండి. ఆరిన బ్లాకు మీద, ట్యాపెట్ కవర్ అంచుల చుట్టూ, బెల్ హౌసింగ్ మీద ముఖానికి రాసుకునే పౌడరు పలచగా చల్లండి. ఉప్పల్ నుంచి నాచారం దాకా ఒక రౌండు కొట్టి వచ్చి, ఇంజను ఆపి, టార్చి పట్టుకుని పై నుంచి కిందికి చూడండి. తెల్ల పౌడరు మీద నల్లటి జాడ గీత గీసినట్టు కనపడుతుంది. ఆ గీతకు పై కొస ఎక్కడుందో లీకు అక్కడుంది. వెనక వైపు కన్ను ఆనదు. అందుకు పాత సైడ్ మిర్రర్ ముక్క ఒకటి సైకిల్ పుల్లకు అతికించుకోండి. నా దగ్గర అలాంటిది ఇప్పటికీ ఉంది.

చాలాసార్లు జాడ పైకి పోయి ట్యాపెట్ కవర్ వెనక మూల దగ్గర ఆగుతుంది. అక్కడ ప్యాకింగు ఎండి చెక్కలా అయిపోతుంది. లేదంటే ఆయిల్ ప్రెషర్ స్విచ్చి దగ్గర. చిన్న స్విచ్చే గానీ లోపలి నుంచి ప్రెషరు మీద ఆయిల్ చిమ్ముతుంది కాబట్టి ఇంజను సగం తడిపేస్తుంది. ఇంకోటి ఎవరూ చూడనిది: ఆల్టర్నేటర్ వెనకే బ్రేకుకు బలమిచ్చే వాక్యూమ్ పంపు ఉన్న ఇంజన్లలో దానికి ఆయిల్ పోయే సన్నటి పైపు, తిరిగొచ్చే రబ్బరు పైపు ఉంటాయి. ఈ రబ్బరు చీలిందేమో వంచి చూడండి. సన్న పైపు తెగితే ఛాంబర్ ఖాళీ అయ్యి ఇంజను పట్టేస్తుంది. బ్రేకు పెడల్ ఈ మధ్య గట్టిగా అనిపిస్తుంటే ఈ పంపు మీద అనుమానం ఇంకా పెంచుకోండి.

పౌడరు జాడ పైనెక్కడా లేకుండా బెల్ హౌసింగ్ లోపలి నుంచే వస్తుంటే, అప్పుడు కూడా చుక్కను వేలికి రాసి చూడండి. నల్లగా ఉంటే ఇంజనాయిల్. తేనె రంగులో చిక్కగా, కుళ్లిన గుడ్డు లాంటి ఘాటు వాసనతో ఉంటే గేర్ ఆయిల్. అది గేర్‌బాక్సు ముందు సీలు, దానికి క్రాంక్ సీలు మార్చి ఏం లాభం? ఇవన్నీ చూసి గేర్‌బాక్సు దించాల్సే వస్తే, క్లచ్ ప్లేటు కూడా అప్పుడే చూపించండి. కింద దూరేటప్పుడు ఒక్క జాకీని నమ్మకండి, ఇరుసు కింద గట్టి చెక్క దిమ్మలు పెట్టండి.

ప్రశ్న: అన్నా, మాది వనస్థలిపురం. మా ఆయన పాత డీజిల్ పికప్‌లో వాటర్ క్యాన్లు వేస్తారు. వెనక ఎడమ చక్రం లోపలి వైపు టైరు తడిగా ఉంటోంది. బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగుతోందట. కడిగి నడుపుతున్నారు. పర్వాలేదా?

జవాబు: లేదమ్మా, లోడు వేయడం ఈ రోజే ఆపమనండి. ఇది మరక విషయం కాదు, బ్రేకు విషయం. ఆ తడి చిక్కగా, ఘాటుగా ఉంటే వెనక ఇరుసులోని గేర్ ఆయిల్, హబ్ సీలు దాటి డ్రమ్ములోకి వచ్చింది. నీళ్లలా పలచగా, జారుగా ఉండి, ముందు బ్రేకాయిల్ డబ్బాలో మట్టం తగ్గుతుంటే చక్రం దగ్గర బ్రేక్ షూలను తోసే వీల్ సిలిండర్ రబ్బరు పోయింది. గేర్ ఆయిలే అయితే కొత్త సీలు వేసే ముందు ఇరుసు గొట్టం మీద ఉండే చిన్న బ్రీదర్‌ను శుభ్రం చేయించండి. బురద పట్టి అది మూసుకుపోతే వేడికి లోపలి గాలి వ్యాకోచించి సీలును తోస్తుంది. పైన బోడుప్పల్ తమ్ముడికి చెప్పిందే ఇక్కడా. ఆయిల్ పీల్చిన బ్రేక్ షూలను పెట్రోలుతో కడిగి, రుద్ది మళ్లీ వేస్తామంటే ఒప్పుకోవద్దు. వేడెక్కగానే లోపల ఇంకిన ఆయిల్ పైకి వస్తుంది. రెండు పక్కలా కొత్తవి వేయించండి. బ్రేకాయిల్ డబ్బాలో పొరపాటున కూడా ఇంజనాయిల్ పోయకూడదు, రబ్బర్లన్నీ ఉబ్బి బ్రేకులే పోతాయి.

ప్రశ్న: పొద్దున స్టార్ట్ కావడానికి చాలాసేపు సెల్ఫు కొట్టాలి. చుక్క కూడా కింద పడట్లేదు గానీ డీజిలు వాసన వస్తోంది. – బాలానగర్

జవాబు: ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న పైపులో సన్నటి పగులుంటే డీజిలు బయట పడకపోవచ్చు, కానీ గాలి లోపలికి పోతుంది. ఫిల్టరు తర్వాత ఓ జానెడు పారదర్శకమైన పైపు తాత్కాలికంగా వేసి బుడగలు వస్తున్నాయేమో చూడమనండి. ఇంజెక్టర్ల మీది, మిగిలిన డీజిలును వెనక్కి పంపే ఓవర్‌ఫ్లో పైపులు కూడా ఎండి చిట్లుతాయి. వాసన ఎక్కువగా వాటి నుంచే. అయితే ఇంజను నడుస్తుండగా ఇంజెక్టర్ పైపుల దగ్గర చేత్తో తడిమి లీకు వెతకవద్దు. ఆ ప్రెషరుకు సన్నటి ధార చర్మం లోపలికి దూరిపోతుంది. గాయం సూది గుచ్చినట్టే కనిపిస్తుంది గానీ లోపల కండ చచ్చిపోతుంది. అట్టముక్క అడ్డుపెట్టి, అది తడుస్తుందేమో చూడండి. ఒకవేళ చేతికి తగిలితే, నొప్పి లేకపోయినా సరే, వెంటనే ఆసుపత్రికి పోయి డీజిలు గుచ్చుకుందని డాక్టరుకు స్పష్టంగా చెప్పండి.