స్టేజి మీద పేరొచ్చినా సినిమా పాత్ర స్టార్‌కేనా?

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటున్నాం. మా అమ్మాయి పదకొండో తరగతి. చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది, హైస్కూల్లో ఏటా మ్యూజికల్స్‌లో, అంటే ఆటపాటలతో సాగే నాటకాల్లో, వేస్తోంది. కంప్యూటర్ సైన్స్ చదవమంటే వినకుండా మ్యూజికల్ థియేటర్‌లో బీఎఫ్‌ఏ (కళల డిగ్రీ) చేస్తానంటోంది. న్యూయార్క్ బ్రాడ్వే నాటకశాలల్లో ఆడే మ్యూజికల్స్ అన్నీ సినిమాలవుతున్నాయి, ఎప్పటికైనా తనకూ చోటు దొరుకుతుందని దాని ఆశ. స్టేజి మీద ఏళ్ల తరబడి ఆడినవాళ్లని పక్కనపెట్టి సినిమాకి స్టార్లనే తీసుకుంటారని నేను చదివాను. మరి ఈ చదువు చదివి ఏం లాభం?

జవాబు: మీరు చదివింది నిజమే. దానికి అందరూ చెప్పే ఉదాహరణ 'మై ఫెయిర్ లేడీ'. 1956లో ఆ మ్యూజికల్ బ్రాడ్వేకి వచ్చినప్పుడు కథానాయిక ఎలైజా పాత్ర వేసి పేరు తెచ్చుకున్నది జూలీ ఆండ్రూస్. 1964లో సినిమాగా తీసేటప్పుడు నిర్మాత జాక్ వార్నర్ ఆమెను కాదని ఆడ్రీ హెప్‌బర్న్‌ని తీసుకున్నారు. సినిమా హాళ్లకు వచ్చే జనానికి జూలీ ముఖం తెలియదు, హెప్‌బర్న్ పేరు చెబితే టికెట్లు తెగుతాయి. ఆయన లెక్క అదీ. ఆ ఏడాదే జూలీ 'మేరీ పాపిన్స్'లో నటించి ఉత్తమ నటిగా ఆస్కార్ అందుకుంది. హెప్‌బర్న్‌కి నామినేషన్ కూడా రాలేదు.

అయితే ఈ కథలో మీ అమ్మాయి గమనించాల్సిన మనిషి ఇంకొకామె ఉంది. ఆ సినిమాలో హెప్‌బర్న్ పాటలు చాలావరకు మార్నీ నిక్సన్ అనే గాయని పాడింది. అంతకుముందు 'ది కింగ్ అండ్ ఐ'లో డెబొరా కెర్‌కి, 1961 నాటి 'వెస్ట్ సైడ్ స్టోరీ'లో నటలీ వుడ్‌కి కూడా గొంతు ఆమెదే. తెర మీద మాత్రం ఆమె పేరు వేయలేదు. ప్లేబ్యాక్ మనకు కొత్తేమీ కాదు. 'శ్రీకృష్ణ తులాభారం' నాటకంలో సత్యభామగా 'మీరజాలగలడా' పాడి ఆంధ్రదేశాన్ని ఊపేసింది స్థానం నరసింహారావు గారైతే, 1966 సినిమాలో ముఖం జమునది, గొంతు సుశీల గారిది. స్టేజి మీద ఒక్కరే చేసిన పనిని సినిమా ఇద్దరికి పంచింది. ముఖం ఒకరిది, గొంతు ఒకరిది అయినన్నాళ్లూ పాడగలిగే నటికి సినిమాలో ప్రత్యేకమైన విలువ లేదు.

హాలీవుడ్ మ్యూజికల్స్‌లో ఈ పద్ధతి ఇప్పుడు దాదాపు పోయింది. 2012లో టామ్ హూపర్ 'లే మిజరాబ్' తీసినప్పుడు నటులందరి చేతా సెట్ మీదే పాడించారు. చెవిలో కనపడని ఇయర్‌పీస్, అందులో అప్పటికప్పుడు వాయిస్తున్న పియానో. నటి ఏడుస్తూ ఆగితే పియానో కూడా ఆగేది, ఆమె వేగం పెంచితే అదీ పెంచేది. అలాంటి చోట ముఖం మాత్రమే ఉన్న స్టార్ నిలబడటం కష్టం. అందులో పెద్ద పాత్రలు పేరున్నవాళ్లకే వెళ్లాయి, కాదనను. కానీ ఎపొనీన్ పాత్ర మాత్రం లండన్ నాటకశాలల వాడ వెస్ట్ ఎండ్‌లో అదే పాత్ర వేసిన సమంతా బార్క్స్‌కి వచ్చింది. మాంచెస్టర్‌లో వేరే మ్యూజికల్ ఆడుతుండగా, ఆట అయిపోయి ప్రేక్షకులకు నమస్కారం పెట్టే సమయంలో నిర్మాత కామెరూన్ మాకింటాష్ స్టేజి మీదికి వచ్చి అందరి ముందూ ఆ సంగతి చెప్పారు.

2024 'వికెడ్' సినిమా విషయంలో కూడా పాప్ స్టార్‌ని పెట్టుకున్నారని విమర్శ వచ్చింది. ఆ పాప్ స్టార్ ఆరియానా గ్రాండే పదిహేనేళ్ల వయసులో, 2008లో, బ్రాడ్వేలో '13' అనే మ్యూజికల్‌లో వేసిన అమ్మాయి. పక్కన నటించిన సింథియా ఎరివో 2016లో 'ది కలర్ పర్పుల్'కి, బ్రాడ్వే నాటకాలకిచ్చే టోనీ అవార్డు తీసుకున్న నటి. ఇద్దరూ చాలా పాటలు సెట్ మీదే పాడారు. స్టార్ అనే మాట వెనక ఏం ఉందో ఒకసారి తీసి చూస్తే మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

నన్నడిగితే, మీ తండ్రీకూతుళ్లు కలిసి కూర్చుని చూడాల్సిన సినిమా 2024లో వచ్చిన 'మీన్ గర్ల్స్'. 2004 నాటి సినిమా 2018లో బ్రాడ్వే మ్యూజికల్ అయింది, ఆ మ్యూజికల్ మళ్లీ సినిమా అయింది. అందులో ఒక్కొక్కరు ఎక్కడి నుంచి వచ్చారో చూడండి. రెజీనాగా చేసిన రెనే రాప్ 2018లో జిమ్మీ అవార్డు గెలిచింది. అమెరికా మొత్తం మీద హైస్కూల్ మ్యూజికల్స్‌లో వేసే పిల్లలకిచ్చే అవార్డు అది. మరుసటి ఏడాదే బ్రాడ్వేలో రెజీనా పాత్ర, తర్వాత సినిమాలో అదే పాత్ర. డామియన్‌గా చేసిన జాక్వెల్ స్పైవీ పిట్స్‌బర్గ్‌లోని పాయింట్ పార్క్ యూనివర్సిటీలో చదివి, బయటికి రాగానే బ్రాడ్వేలో ముఖ్యపాత్ర పట్టి టోనీ నామినేషన్ తెచ్చుకున్నాడు. జానిస్‌గా చేసిన ఆవులీ క్రవాల్యో 'మోవానా'కి గొంతు ఇచ్చిన అమ్మాయి.

ఇక కేరెన్. స్టేజి మీద ఆ పాత్ర పేరు కేరెన్ స్మిత్. సినిమాలో కేరెన్ షెట్టి అయింది, ఎందుకంటే ఆ పాత్రకు మన తెలుగమ్మాయి అవంతిక వందనపు దొరికింది. కాలిఫోర్నియాలో పుట్టి, చిన్నప్పుడే డ్యాన్స్ పోటీల్లో పేరు తెచ్చుకుని, 2016లో 'బ్రహ్మోత్సవం', 'మనమంతా' సినిమాల్లో బాలనటిగా కనిపించి, 2021లో డిస్నీ 'స్పిన్'లో హీరోయిన్ అయింది. బ్రాడ్వేలో ఆమె ఎప్పుడూ వేయలేదు. అంటే ఒకే సినిమాలో ఒకరు పోటీ నుంచి, ఒకరు కాలేజీ నుంచి, ఒకరు యానిమేషన్ గొంతు నుంచి, ఒకరు మన సినిమాల మీదుగా వచ్చారు. ఇందులో ఏ దారిని పట్టుకుని 'ఇదే సినిమాకి దారి' అని నేను మీకు చెప్పగలను?

కెమెరా దగ్గర ఇంకో చిక్కుంది, అది వయసు. 'డియర్ ఇవాన్ హాన్సెన్' బ్రాడ్వేలో ఆడినప్పుడు బెన్ ప్లాట్ టోనీ గెలిచాడు. సినిమాకి కూడా అతన్నే తీసుకున్నారు, మీరు న్యాయం అనుకునేది అక్షరాలా జరిగింది. కానీ 2021లో సినిమా వచ్చేసరికి ఇరవై ఏడు దాటినవాడు స్కూలు పిల్లాడిగా కనపడటం విమర్శకులు ఒప్పుకోలేదు. స్టేజి మీద పదో వరసలో కూర్చున్నవాడికి ఏమాత్రం అడ్డురాని వయసు క్లోజప్‌లో అడ్డొస్తుంది. ఒక మ్యూజికల్ హిట్టయి, హక్కులు అమ్ముడై, సినిమా మొదలయ్యేసరికి ఏళ్లు గడిచిపోతాయి. అప్పటికి మొదట వేసినవాళ్లు ఆ పాత్ర వయసు దాటిపోతారు. ఇందులో ఎవరి తప్పూ లేదు.

అందుకే మీ అమ్మాయితో నేను చెప్పేది ఒకటే. సినిమా ఛాన్స్ కోసం మ్యూజికల్ థియేటర్ చదవొద్దు. వారానికి ఎనిమిది షోలు, అదే పాట, అదే అడుగు, అయినా ప్రతి షోకీ కొత్తగా చేయాలి. టూర్లు, క్రూయిజ్ షిప్పులు, చిన్న ఊళ్ల థియేటర్లు, మధ్యలో పనిలేని నెలలు. ఈ బతుకు తనకు ఇష్టమైతే చదవాలి. సినిమా వస్తే వస్తుంది. ఈ మాట విని తను నిరుత్సాహపడితే, ఆ సంగతి ఇప్పుడే తెలియడం మంచిది. 'అయినా నాకు కావాలి' అంటే మీరు అడ్డుపడొద్దని నా మనవి.

అడ్డుపడొద్దన్నాను కదా అని చదువుకి చేసే అప్పుకి కళ్లు మూసుకుని సంతకం పెట్టమని కాదు. మిషిగన్, కార్నెగీ మెలన్, సిన్సినాటి లాంటి చోట్ల ఏటా తీసుకునేది చాలా కొద్దిమందినే. పన్నెండో తరగతి మొదట్లోనే ప్రీస్క్రీన్ వీడియోలు, అంటే ఆడిషన్‌కి పిలవాలో వద్దో తేల్చే వీడియోలు, పంపాలి. రెండు భిన్నమైన పాటలు, ఒకటో రెండో మోనోలాగ్‌లు (ఒక్కరే చెప్పే డైలాగ్ ఘట్టాలు), డ్యాన్స్. అది దాటితేనే అసలు ఆడిషన్. పది చోట్ల పంపి ఒక్కచోటా ప్రీస్క్రీన్ దాటకపోతే ఆ ఫలితాన్ని నమ్మండి. బీఎఫ్‌ఏలో పొద్దున క్లాసులు, రాత్రి రిహార్సల్స్ కాబట్టి ఇంకో మేజర్ చేయడం చాలా చోట్ల కుదరదు. కంప్యూటర్ సైన్స్ కూడా ఉండాలని మీరు పట్టుబడితే థియేటర్‌లో బీఏ ఇచ్చే కాలేజీలు చూడండి, అక్కడ డబుల్ మేజర్‌కి వీలుంటుంది. నా సలహా, రెండు రకాల కాలేజీలకూ అప్లై చేయించండి. స్కాలర్‌షిప్ ఎంతిస్తారో చేతికొచ్చాక ఇంట్లో కూర్చుని తేల్చుకోండి.

ఈ వేసవిలో చేయాల్సిన పని మాత్రం ఉంది. కర్ణాటక సంగీతంతో శ్రుతి, లయ గట్టిగా వచ్చి ఉంటాయి, అది పెద్ద ఆస్తి. కానీ బ్రాడ్వే పాటకు గొంతు వాడే తీరు వేరు. మిక్స్, బెల్ట్ అనే ఆ గాత్ర పద్ధతులు నేర్పే టీచర్ దగ్గర చేర్పించండి, సొంతంగా గట్టిగా అరిచి ప్రాక్టీస్ చేస్తే గొంతు పాడవుతుంది. ఆ టీచర్‌ని, 'మొహమాటం లేకుండా చెప్పండి, మా అమ్మాయి ఏ స్థాయిలో ఉంది?' అని అడగండి. స్కూల్లో అందరూ మెచ్చుకుంటారు, ఆ మెప్పు ఆడిషన్ గదిలో పనిచేయదు. అలాగే 'వికెడ్' పాటలు ఆడిషన్‌కి ఎంచుకోవద్దని చెప్పండి, ప్యానెల్‌వాళ్లు అవి రోజంతా వింటూనే ఉంటారు.

మీరు న్యూజెర్సీలో ఉండటం కూడా కలిసొచ్చేదే. మిల్‌బర్న్‌లోని పేపర్ మిల్ ప్లేహౌస్ ఏటా మీ రాష్ట్రంలోని స్కూల్ మ్యూజికల్స్‌కి రైజింగ్ స్టార్ అవార్డులు ఇస్తుంది. ముఖ్యపాత్రల్లో గెలిచినవాళ్లు అక్కడి నుంచి జిమ్మీ అవార్డులకు వెళ్తారు. స్పీల్‌బర్గ్ మళ్లీ తీసిన 'వెస్ట్ సైడ్ స్టోరీ'కి మరియాగా తీసుకున్న రేచల్ జెగ్లర్ మీ రాష్ట్రపు హైస్కూల్ అమ్మాయే. 2018లో ట్విట్టర్‌లో ఓపెన్ కాల్ (ఎవరైనా పోటీపడొచ్చన్న ఆడిషన్ ప్రకటన) చూసి, ఇంట్లో పాడిన వీడియో పంపింది. ముప్పై వేల మందికి పైగా పోటీపడ్డారు. అంతకుముందే ఇంగిల్‌వుడ్‌లో ఒక స్థానిక ప్రదర్శనలో అదే పాత్ర వేసి ఉండటం ఆమెకు కలిసొచ్చింది. మీ అమ్మాయి స్కూలు రైజింగ్ స్టార్‌కి నమోదు చేసుకుందో లేదో డ్రామా టీచర్‌ని వచ్చే వారమే అడగండి. నమోదు చేయాల్సింది స్కూలే, పిల్లలు సొంతంగా చేసుకోలేరు.