సోషల్ మీడియాలో మన మీద కక్కే విషం ఎక్కడిది?

"ఎక్స్ (పాత ట్విట్టర్) తెరిస్తే చాలు, ఇండియన్స్‌ని తిట్టే పోస్టులే. బయటికెళ్లాలన్నా భయమేస్తోంది" అని అమెరికాకి కొత్తగా వచ్చిన పిల్లలు అడుగుతున్నారు. 2024 డిసెంబరులో హెచ్1బీ ఉద్యోగ వీసాల మీద గొడవ రాజుకున్నాక ఈ పోస్టులు ఎక్కువయ్యాయి గానీ, ఇది కొత్తగా పుట్టింది కాదు. 2013లో బెజవాడ మూలాలున్న నీనా దావులూరి మిస్ అమెరికా అయిన రాత్రే ట్విట్టర్‌లో ఆమెని "అరబ్", "టెర్రరిస్ట్" అన్నారు. ఆమె పుట్టింది న్యూయార్క్ రాష్ట్రంలోనే.

ఒక పోస్టుని గమనించండి. మన పండగ వీడియో పెట్టి "మా ఊరు ఇలా అయిపోయింది" అంటారు. మొదటి కామెంట్లు ట్రాఫిక్ మీద ఉంటాయి. కాస్త కిందకెళితే మన తిండి వాసన. ఇంకా కిందకెళితే "వెనక్కి పంపేయండి". ఎదుటివాడి మొహం కనబడదు, తన పేరు బయటపడదు, పైగా లైకులొస్తాయి. అందుకే ఒకరిని మించి ఒకరు రెచ్చిపోతారు. ఉద్యోగం పోయిందనో, ఇల్లు కొనలేకపోయాననో ఉన్న కోపానికి మనం సులువుగా దొరుకుతాం. 2023 నుంచి ఎక్స్ బాగా తిరిగే పోస్టులు పెట్టేవాళ్లకి డబ్బు కూడా ఇస్తోంది కాబట్టి, కొందరికి ఇది సంపాదన. మీరు కోపంతో ఇచ్చే రిప్లై ఆ పోస్టుని ఇంకా నలుగురికి చేరుస్తుంది. మన వాట్సాప్ గ్రూపుల్లో నల్లవాళ్ల మీద తిరిగే జోకులూ ఇలాగే పెరుగుతాయి. వాటిని ఫార్వర్డ్ చేయకండి.

మాటలే కదా అని కొట్టిపారేయమని నేను అనను. 2017లో కాన్సాస్‌లో మన కూచిభొట్ల శ్రీనివాస్‌ని కాల్చి చంపినవాడు ఆయన్ని ఇరాన్ మనిషి అనుకున్నాడు. అదే చోట ఇయాన్ గ్రిల్లట్ అనే తెల్ల యువకుడు అడ్డం పడబోయి తూటా తిన్నాడు. ఈ దేశాన్ని తలచుకున్నప్పుడు నాకు ఆ కాల్చినవాడూ, ఈ అడ్డం పడినవాడూ ఇద్దరూ గుర్తొస్తారు.

ఇక్కడి చట్టం ప్రకారం ఉత్త తిట్టు నేరం కాదు, చంపుతానన్న బెదిరింపు నేరం. అలాంటిది వస్తే బ్లాక్ చేసేముందు తేదీ, లింకు కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి పోలీసులకివ్వండి. ఆఫీసులో అయితే హెచ్ఆర్‌కి రాతపూర్వకంగా చెప్పండి. వాళ్లు పట్టించుకోకపోతే ఈఈఓసీకి (ఉద్యోగాల్లో వివక్ష మీద ఫిర్యాదులు చూసే ప్రభుత్వ సంస్థ) వెళ్లడానికి గడువు ఆ ఘటన జరిగిన రోజు నుంచి 180 రోజులు, చాలా రాష్ట్రాల్లో 300. 2025 జూన్ నుంచి స్టూడెంట్ వీసాకీ, డిసెంబరు నుంచి హెచ్1బీకీ, వాళ్ల కుటుంబానికిచ్చే హెచ్4కీ అప్లై చేసేవాళ్లని సోషల్ మీడియా అకౌంట్లు పబ్లిక్‌గా ఉంచమంటున్నారు. కోపంలో మీరు రాసిన బూతు కాన్సులేట్ ఆఫీసర్ కంట్లోనూ పడొచ్చు.