ఉమ్మడి పేరుతో ప్యాకేజీలు రాసే మేనకోడలికి

అమ్మాయ్,

శ్రీకాకుళంలో కాలేజీల కోసం మీరు ముగ్గురూ పైథాన్‌లో రాస్తున్న పని గురించి మీ అమ్మ చెప్పింది. ఫీజులు ఒకరు, హాజరు ఒకరు, బస్సులు నువ్వు. ఏ కాలేజీకి ఏది కావాలంటే అదే ఇన్‌స్టాల్ చేసుకోవాలి, కానీ అన్నీ 'సిక్కోలు' అన్న ఒక్క పేరు కిందే ఇంపోర్ట్ అవ్వాలి. మంచి ఆలోచన. ఎప్పుడూ ముగ్గురూ కలిపే రిలీజ్ చేసేటట్టయితే మాత్రం ఇంత హడావుడి వద్దు, ఒకే ప్యాకేజీ, అంటే ఒకే కోడ్ మూట, చాలు.

విడివిడిగానే అనుకుంటే ఒక్క మాట గట్టిగా పట్టుకోండి. ముగ్గురిలో ఎవరూ సిక్కోలు ఫోల్డర్‌లో ఇనిట్ ఫైలు (__init__.py, ఈ ఫోల్డర్ ఒక మామూలు ప్యాకేజీ అని పైథాన్‌కి చెప్పేది) పెట్టకూడదు. దాని లోపలి బస్సులు ఫోల్డర్‌లో నువ్వు పెట్టుకో, అది నీ సొంతం. 2012లో వచ్చిన పైథాన్ 3.3 నుంచి, ఇనిట్ లేని ఫోల్డర్లు ఒకే పేరుతో ఎన్నిచోట్ల ఉన్నా పైథాన్ అన్నింటినీ కలిపి చూపిస్తుంది. ఒక్కచోట ఇనిట్ తగిలిందో, అదే అసలు ప్యాకేజీ అనుకుని అక్కడితో ఆగిపోతుంది. మిగతావాళ్ల కోడ్ డిస్క్ మీద ఉన్నా లేనట్టే.

ఇందులో పెద్ద టెన్షన్ ఏంటంటే, ఈ తప్పు సర్వర్‌లో బయటపడకపోవచ్చు. అక్కడ మూడూ, ఇన్‌స్టాల్ చేసినవి చేరే ఒకే సైట్‌ప్యాకేజెస్ ఫోల్డర్‌లోకి వెళ్తాయి కాబట్టి ఇనిట్ ఉన్నా నడిచిపోతుంది. నీ లాప్‌టాప్‌లో నీ ప్యాకేజీని ఎడిటబుల్‌గా (నువ్వు రాసే ఫోల్డర్ నుంచే నేరుగా నడిచేలా) పెట్టుకుంటావు కదా, అప్పుడు అది వేరే చోట ఉంటుంది. వెంటనే 'మాడ్యూల్ నాట్ ఫౌండ్'. "నా దగ్గర బానే ఉందే" అని అవతలివాళ్లు అంటారు, నిజమే చెప్తారు కూడా. అప్పుడు మాటామాటా పెంచుకోకుండా సిక్కోలుని ఇంపోర్ట్ చేసి, దాని పాత్‌ని ప్రింట్ చెయ్యి. వేర్వేరు చోట్ల ఉన్న ఫోల్డర్ల దారులన్నీ కనిపించాలి. ఒక్కటే కనిపిస్తే ఇనిట్ అక్కడే ఉంటుంది, వెతికి తీసెయ్.

ప్యాకేజీ ఎలా తయారవ్వాలో చెప్పే సెటప్ ఫైలులో, ఏ ఫోల్డర్లు చేర్చాలో వెతికే మామూలు ఫైండ్ ప్యాకేజెస్ వాడకు. ఇనిట్ లేదని అది సిక్కోలుని వదిలేస్తుంది, ఎర్రర్ కూడా చూపించకుండా ఖాళీ వీల్ (ఇన్‌స్టాల్ చేసుకోడానికి పంపే ఫైలు) తయారవుతుంది. ఫైండ్ నేమ్‌స్పేస్ ప్యాకేజెస్ వాడి, నీ కోడ్ ఉండే ఎస్‌ఆర్‌సీ (src) ఫోల్డర్‌లోనే వెతకమను. లేకపోతే టెస్టుల ఫోల్డర్లు కూడా వీల్‌లోకి వచ్చి కూర్చుంటాయి. వీల్ అంటే జిప్ ఫైలే, పంపే ముందు ఒకసారి విప్పి చూసుకో.

వెర్షన్ నంబరో, అందరికీ కావలసిన చిన్న ఫంక్షనో పైన సిక్కోలులోనే పెడదామని ఎవరికో ఒకరికి అనిపిస్తుంది. ఒప్పుకోకు. దానికి 'సిక్కోలు.కోర్' అని నాలుగో ప్యాకేజీ చేసి, మిగతా మూడూ దాని మీద ఆధారపడేలా రాయండి.

సిరిమానోత్సవానికి విజయనగరం వస్తావుగా, లాప్‌టాప్ తెచ్చుకో. నీ వీల్ ఇద్దరం కలిసి చూద్దాం.

మీ మావయ్య