వాలు −1 రాకపోతే నమూనా పాడైనట్టేనా?

ప్రశ్న: ఎపాక్సీలో (గట్టిపడే రెసిన్) 0.5 శాతం కార్బన్ నానోట్యూబులు (అతిసన్నని కార్బన్ గొట్టాలు) కలిపి చిన్నకోణ ఎక్స్‌రే పరిక్షేపణం (నమూనాలో ఎక్స్‌రేలు చిన్న కోణాల్లో ఎంత చెదురుతాయో కొలిచే పరీక్ష) తీయించాం. చెదిరిన ఎక్స్‌రేల తీవ్రతని క్యూతో (చెదిరే కోణంతో పాటు పెరిగే విలువ) పోల్చి గీసిన లాగ్-లాగ్ గ్రాఫ్‌లో వాలు −1 వస్తుందనుకుంటే −2.6 వచ్చింది. పొరపాటెక్కడండీ?
– ఎమ్మెస్సీ విద్యార్థిని, విజయనగరం

జవాబు: నమూనా పాడైందని దిగులుపడకమ్మా. −1 అనేది విడివిడిగా, నిటారుగా ఉన్న కడ్డీల లెక్క. ట్యూబులు మెలికలు తిరిగి, చిక్కుపడ్డ నూలులా ముద్దకడితే −2కీ −3కీ మధ్య రావడం మామూలే.

అయితే ట్యూబులు కలపని ఎపాక్సీని కూడా అదే మందంలో, సుమారు 1 మిల్లీమీటరు, పోతపోసి కొలిచారా? రెండు కొలతల్నీ వాటి వాటి ట్రాన్స్‌మిషన్‌తో (నమూనాని దాటి వచ్చే ఎక్స్‌రేల వంతు) భాగించాకే ట్యూబులున్న కొలత నుంచి ఉత్త ఎపాక్సీ కొలతని తీసేయాలి. ఇది వదిలేస్తే ఆ −2.6ని నమ్మలేం.

తర్వాత వాలు మారే చోటు చూడండి. 6.28ని అక్కడి క్యూ విలువతో భాగిస్తే ఆ మార్పుకి కారణమైన నిర్మాణం పరిమాణం అంచనాకి వస్తుంది; నానోమీటరుకి 0.1 దగ్గరైతే దాదాపు 63 నానోమీటర్లు. యాసిడ్‌తో శుద్ధి చేయని ట్యూబుల్లో తయారీ నుంచి మిగిలిన ఇనుప రేణువులు ఎక్స్‌రేలను గట్టిగా చెదరగొట్టి తికమక పెడతాయి, జాగ్రత్త.