అమ్మమ్మ బొంతకు కొత్త గుడ్డ వేయకు

చిట్టితల్లీ,

నువ్వు పంపిన ఫొటోలు కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చూశాను. తలవైపు అంచు పీలికలైపోయింది, మధ్యలో అరచెయ్యంత చిరుగు, ఒక మూల కుట్లు ఊడి లోపలి పొర బయటికి వచ్చింది. పారేసి కొత్తది కొనుక్కోమని అందరూ అంటున్నారని రాశావు. పారేయకు. అది బాగవుతుంది.

పైన కనిపించే ఆకుపచ్చ చీర మా అమ్మది, నిజాం అంచు మంగళగిరి చీర. అడుగున తెల్లగా ఉన్నవి నాన్న పంచెలు. చిరిగినచోట లోపల వంకాయరంగు కనిపిస్తోంది చూడు, అది నా ఓణీ. అమ్మ దాన్ని అందులో వేసిందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

అతుకు వెయ్యడానికి మాత్రం బజారుకెళ్ళి కొత్త గుడ్డ కొనకు. నేను ఆ తప్పు చేశాను. పెళ్ళయిన కొత్తలో మా అత్తగారి బొంత చిరిగితే, దిట్టంగా ఉంటుందని పాప్లిన్ తెచ్చి, తెగకుండా ఉంటుందని నైలాన్ దారంతో దగ్గర దగ్గరగా కుట్టాను. చూడటానికి ఎంతో బాగుంది. మూడు ఉతుకులయ్యేసరికి అతుకు చుట్టూ నాలుగు పక్కలా పాత చీర కత్తిరించినట్టు చిరిగింది. అతుకు మాత్రం కొత్తదిలాగే ఉంది. అత్తగారు ఒక్క మాట అనలేదు, ఆ ముక్క ఊడదీసి నా చేతిలో పెట్టారు.

కొత్త నూలుగుడ్డ తడిస్తే ముడుచుకుంటుంది. పాతది ముడుచుకోవలసినంత ఎప్పుడో ముడుచుకుంది. ఆ లాగుడంతా అతుకు అంచు దగ్గర పాత గుడ్డ మీద పడుతుంది. పైగా నైలాన్, పాలిస్టర్ దారాలు మెత్తబడిన నూలుపోగుల్ని కోసేస్తాయి. బొంత మీద బరువు పడ్డప్పుడు ముందు దారం తెగాలి, గుడ్డ తెగకూడదు. దారం తెగితే పది నిమిషాల్లో మళ్ళీ కుట్టుకుంటావు. గుడ్డ పోతే ఏం చేస్తావు? అందుకే అతుకు కూడా నలిగిన గుడ్డే కావాలి, దారం నూలుదే కావాలి.

ఇంట్లో ఉన్న పాత చీరల్లో ఏది అసలు నూలో తెలియకపోతే అంచు నుంచి నాలుగు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని సింకు మీద అంటించి చూడు. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి, వేళ్ళతో నలిపితే పొడి అయ్యే బూడిద మిగులుతుంది. పాలిస్టర్ అయితే కరిగి, చివర గట్టి పూసలా ముద్ద కడుతుంది. అలాంటి గుడ్డ బొంతలో వేస్తే చెమట పీల్చదు.

ఉతికి శుభ్రం చేశాక కుడదామని నీకు అనిపిస్తుంది. వద్దు. తడిసిన బొంత బరువుకు అరచెయ్యంత చిరుగు మూరెడవుతుంది. ముందు చిరుగుల చుట్టూ పెద్ద పెద్ద వదులు కుట్లు, అవే టాకాలు, వేసి పొరలన్నీ ఒకచోట నిలబెట్టు. ఆ తర్వాత ఉతుకు, ఎండనివ్వు, అప్పుడు అసలు పని మొదలుపెట్టు.

అతుకు ఎంత ఉండాలన్నది చిరుగును బట్టి కాదు. బొంతను కిటికీ వెలుగుకు అడ్డంగా పట్టి చూడు. చిరుగు చుట్టూ గుడ్డ పలచబడి వెలుగు ఎక్కువగా వచ్చేచోటంతా ఇవాళో రేపో చిరిగేదే. అతుకు దాన్ని దాటి, గట్టి గుడ్డ మీద రెండు వేళ్ళ మేర పడాలి. అమ్మ ఎప్పుడూ చిరుగుకు మూడింతల ముక్క తీసేది, చిన్నప్పుడు అంత గుడ్డ దండగ ఎందుకని నేను అడిగేదాన్ని.

ముక్క కత్తిరించేటప్పుడు స్కేలు పెట్టి గీత గీయకు. గుడ్డలో ఒక పోగు పట్టి మెల్లగా లాగితే దానంతటదే గీత పడుతుంది, దాని మీద కత్తెర నడిపించు. చీర పొడుగునా పోయేది పడుగు, అడ్డంగా పోయేది పేక. అతుకులోని పడుగు బొంత చీర పడుగు దిక్కునే ఉండేలా పెట్టు. అడ్డదిడ్డంగా పెడితే ఒక పక్క సాగి, ఒక పక్క బిగిసి ఉబ్బిపోతుంది. చిరుగు అంచున వేలాడే పీలికల్ని కత్తిరించెయ్యకు, వాటిని లోపలికి సర్ది పడుకోబెట్టు. అతుకు నాలుగు అంచుల్నీ పావు అంగుళం లోపలికి మడిచి, చుట్టూ చిన్న చిన్న హెమ్మింగ్ కుట్లు వెయ్యి. తర్వాత అమ్మ కుట్టిన వరసలు ఏ దారిన పోతున్నాయో చూసి, అదే దారిలో నీ సూదిని అతుకు మీదుగా అన్ని పొరల్లోంచి నడిపించు. ఈ ఆఖరి పని చాలామంది వదిలేస్తారు. అది చెయ్యకపోతే అతుకు పైపొరకు మాత్రమే అంటుకుని, కింద పొరలు జారిపోతాయి.

దారం ఒక మూర చాలు. పొడుగు తీసుకుంటే గుడ్డలోంచి అన్నిసార్లు దూరీ దూరీ నూగు లేచి, చిక్కుపడుతుంది. దారాన్ని తేనెమైనం ముక్క మీద ఒకసారి లాగావంటే మెలిపడదు. దబ్బనం వాడకు, అది గోనెసంచులకు పనికొస్తుంది గానీ పాత చీరలో అది చేసిన కంత పూడదు. పొడుగాటి సన్న సూది చూసుకో, వేలికి తొడుగు పెట్టుకో.

తలవైపు అంచు ఎప్పుడూ ముందు పోతుంది. గడ్డం కింద రాపిడి, చెమట, తలనూనె, అన్నీ అక్కడే. దానికి మూడంగుళాల వెడల్పు పట్టీ తీసి, బొంత వెడల్పు కంటే రెండంగుళాలు ఎక్కువ ఉంచి, రెండు పక్కలకూ వచ్చేలా మడిచి కుట్టు. తిన్నటి అంచుకు తిన్నగా కత్తిరించిన పట్టీ చాలు. గుండ్రంగా తిరిగిన మూలలకు మాత్రం క్రాస్ పట్టీ, అంటే గుడ్డను ఐమూలగా కత్తిరించిన పట్టీ, వెయ్యాలి, అదే సాగుతూ తిరుగుతుంది. మళ్ళీ అరిగినప్పుడు ఆ పట్టీ ఒక్కటే మార్చుకుంటావు.

అతుకు రంగు కలవలేదని బాధపడకు. ఏదైనా పొందిక లేకపోతే పేపర్లలో అతుకుల బొంత అని రాస్తుంటారు. నాకు ఆ మాట చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. అతుకులున్న బొంత అంటే ఎవరో కూర్చుని, ఎక్కడ పలచబడిందో వెతికి, దాన్ని నిలబెట్టిన బొంత.

ఇక పుట్టబోయే బిడ్డ బొంత. ఒక్క మెత్తటి నూలుచీర చాలు. అయిదున్నర మీటర్ల చీరను పొడుగున నాలుగు మడతలు వేస్తే సుమారు 137 సెంటీమీటర్ల పొడుగు, చీర వెడల్పంత వెడల్పు, నాలుగు పొరలు వస్తాయి. పసిబిడ్డకు దానిలో సగం కూడా చాలు, మిగతాది మార్చడానికి రెండోది కుట్టుకో. జరీ అంచు తీసెయ్యి, ఒరుసుకుంటుంది. గంజి పూర్తిగా పోయేదాకా జాడించు, గంజి ఉన్న గుడ్డకు పురుగు పడుతుంది. రంగు దిగుతుందేమో తెల్లగుడ్డ తడిపి అద్ది చూడు.

వీడియోలో వాళ్ళు అంచు నుంచి మొదలుపెట్టారు, మీరు మధ్య నుంచి అంటారేమిటని అడిగావు. నువ్వు చూసింది కవంది అనే రకం బొంత అయి ఉంటుంది. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా సిద్దీలు, పూర్వం ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళు, అలా కుడతారు. వాళ్ళు ముక్కలు ఒక్కొక్కటే మడిచి పెట్టుకుంటూ, అంచు నుంచి చుట్టూ తిరుగుతూ మధ్యకు చేరతారు. మూలల్లో మడతల ముక్కలతో పూలు కూడా పెడతారు, ఎంత అందంగా ఉంటుందో. అక్కడ ముక్క అప్పటికప్పుడు సర్దుకుంటుంది. మన బొంతలో పొరలన్నీ ముందే పరిచేస్తాం కదా, అంచు నుంచి మొదలుపెడితే ముడత అంతా మధ్యలోకి తోసుకొచ్చి బుడిపె కడుతుంది. అందుకని మధ్య నుంచి బయటికి, అరచేత్తో సర్దుకుంటూ కుట్టాలి. బిడ్డ బొంతకు వరసకీ వరసకీ మధ్య రెండు వేళ్ళ ఎడం, కుట్టు వడ్లగింజంత.

నీకిది ఏడో నెల. నేల మీద వంగి కూర్చోకు. భోజనాల బల్ల మీద పరుచుకో, అల్లుడుగారిని ఎదురుగా కూర్చోబెట్టి రెండో పక్క పట్టుకోమను. మిషన్ మీద కుడతానంటే నాలుగు పొరలకు 16 నంబరు సూది వేసి, కుట్టు పొడుగు పెంచు. అమ్మమ్మ బొంతను మాత్రం మిషన్ కింద పెట్టకు, పాదం పైపొరను తోసేస్తుంది.

పని మొదలుపెట్టేముందు గుండుసూదులు, సూదులు లెక్కపెట్టుకుని, లేచేముందు మళ్ళీ లెక్కపెట్టు. ఒక్కటి తగ్గినా దొరికేదాకా లేవకు. బిడ్డ బొంతలో గుండీలు, అద్దాలు, పూసలు వద్దు. దారం ఉచ్చులు వదలకు, చిట్టి వేళ్ళకు చుట్టుకుంటాయి. దాన్ని బిడ్డ కింద పరచడానికి వాడు, పడుకున్నప్పుడు మొహం దాకా కప్పకు.

ఇంకో సంగతి, దీన్ని మర్చిపోవద్దు. పాత చీరలు కలరా ఉండలు వేసిన పెట్టెలోంచి తీసి నేరుగా బిడ్డకు వాడకు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పసిపిల్లలకు ఆ నాఫ్తలీన్ తగిలితే రక్తకణాలు విరిగి తీవ్రమైన కామెర్లు రావచ్చు. ఆ లోపం పుట్టగానే మనకు కనిపించదు. నీ బీరువాలో ఆ ఉండలు ఇప్పుడే తీసి పారేసి, ఎండిన వేపాకు గుడ్డమూటలో కట్టి పెట్టు.

ఉతికేటప్పుడు కుంకుడు రసం, చన్నీళ్ళు. మెలిపెట్టి పిండకు, మడతపెట్టి అరచేతులతో నొక్కి నీళ్ళు తీయి. తడి బొంత ఒక్క తీగ మీద వేలాడదీస్తే కుట్లన్నీ సాగుతాయి, రెండు మూడు తీగల మీదుగా పరిచి నీడలో ఆరెయ్యి. ముక్కలు మిగిలితే మసిగుడ్డలు, గలీబులు చేసుకోవచ్చు, వాటి గురించి తర్వాత మాట్లాడుకుందాం.

బస్సు పార్శిల్‌లో నా పాత మంగళగిరి చీర ఒకటి పంపుతున్నాను. ఇరవై ఏళ్ళు కట్టాను, అమ్మ చీరంత మెత్తగా ఉంది. ఆకుపచ్చ కాదు, చిలకపచ్చ, అయినా పరవాలేదు. కొంగు వైపు గుడ్డ బాగుంది, అతుకు అక్కడ తీసుకో. వంకాయరంగు కనిపిస్తున్నచోట మూసేముందు, ఆ ఓణీ ముక్క ఇంకో ఫొటో తీసి పంపు.

నీ పెద్దమ్మ