చెరసాల పరిచర్యకు వెళ్ళాలని ఉంది. ఎలా మొదలుపెట్టాలి? ఖైదీలు నిజంగా మారతారా?

ముందు మీ రెండో ప్రశ్నకి జవాబు చెబుతాను. తొమ్మిదేళ్ళుగా అందరూ నన్ను అడుగుతున్నది అదే, విన్న ప్రతిసారీ నాకు కోపం వస్తుంది. మారాలంటే ముందు తప్పు చేశారని తేలాలి కదండీ! మీరు విజయనగరంలో ఉంటామని రాశారు. మీ వైపైనా, మా శ్రీకాకుళం వైపైనా సబ్ జైళ్ళలో ఉండేవాళ్ళలో ఎక్కువమంది రిమాండు ఖైదీలే. పెద్ద శిక్షలు పడినవాళ్ళని విశాఖ సెంట్రల్ జైలుకి పంపేస్తారు. దేశం మొత్తం తీసుకున్నా 2022 చివరికి జైళ్ళలో ఉన్నది 5,73,220 మంది అయితే, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. ఏ కోర్టూ ఇంకా దోషి అనని మనిషి ఎదురుగా నిలబడి "పాపీ, మారుమనస్సు పొందు" అని మైకులో అరిచే హక్కు మనకి ఎవరిచ్చారు?

నేను తపాలా శాఖలో పనిచేసి రిటైరయ్యాను. కెనడా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీల కాలం నాటి సంఘం మాది. నెలకి రెండు ఆదివారాలు, ఆరాధన అయ్యాక, మరో ముగ్గురితో కలిసి లోపలికి వెళ్తాను. ఏ జైలో ఇక్కడ రాయను. కారణం చదివితే మీకే అర్థమవుతుంది.

ఎలా మొదలుపెట్టాలన్నది చిన్న సంగతి. సంఘం లెటర్‌హెడ్ మీద సూపరింటెండెంటుగారికి దరఖాస్తు పెట్టండి, వెళ్ళేవాళ్ళ పేర్లు, ఆధార్ నకళ్ళు జతచేయండి, పోలీసు విచారణ అయ్యేదాకా ఓపిక పట్టండి. మాకు అనుమతి రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఫోను, పర్సు, బెల్టు గేటు దగ్గరే. లోపలికి ఏదీ చేరవేయకూడదు, లోపలినుంచి ఏదీ బయటికి తేకూడదు, చీటీ ముక్క కూడా. ఆడవాళ్ళ బ్యారక్‌కి మన సిస్టర్లే వెళ్ళాలి. ప్రార్థనకి రానన్నవాణ్ణి బలవంతపెట్టకూడదు, వచ్చినవాడి మతం అడగకూడదు. మా దగ్గరికి వచ్చి కూర్చునేవాళ్ళలో సగంమంది అరసవల్లి సూర్యదేవుడికి మొక్కుకునేవాళ్ళే. వాళ్ళ మొక్కు వాళ్ళది, వాళ్ళ పక్కన కూర్చోవడం మన పని.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. డిసెంబరు రాగానే బ్యానరు, కేకు, యాపిల్ పళ్ళ బుట్టలు పట్టుకుని దిగే బృందాలున్నాయి. రేకుల షెడ్డు కింద ముప్పావుగంట ప్రసంగం, ఆ తర్వాత "ఎవరైనా సాక్ష్యం చెబుతారా" అని, అంటే చేసిన పాపాలు, మారిన తీరు అందరి ముందూ చెప్పమని పిలుపు. నేరం ఎంత పెద్దదైతే చప్పట్లు అంత గట్టిగా! ఒకసారి ఒక కుర్రాడు లేచి, తాను చేయని దొంగతనాలు కూడా కలిపి చెప్పాడు. తర్వాత నేనడిగితే "అలా సెప్తే ఆళ్ళకి బాగుంటాది కదండీ" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాడి కేసు ఇంకా విచారణలో ఉంది. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లకపోవచ్చుగానీ, మనలాంటి బయటివాళ్ళ ముందు ఒప్పుకున్నదాన్ని సాక్ష్యంగా తేవచ్చు. రేపు ఆ మాట విన్న పాస్టరుగారినే బోనెక్కించవచ్చు. కాబట్టి మీరు లోపలికి వెళ్ళిన మొదటిరోజు నుంచి ఇది గుర్తుపెట్టుకోండి: ఎవరినీ "ఏం చేసి వచ్చావు" అని అడగొద్దు. చెప్పబోయినా ఆపి, అది మీ లాయరుతో చెప్పుకో నాయనా అనండి. వాళ్ళు దేవుడి దగ్గర ఒప్పుకోవడానికి మన చెవులు అక్కర్లేదు.

మరి ఏం చేయాలి? నాకు తెలిసింది ఒక్క కుర్రాడి కథలోంచి చెబుతాను.

ఉద్దానం వైపు కుర్రాడు, ఇరవైమూడేళ్ళుంటాయి. తాపీపనికి చెన్నై వెళ్ళి, తిరిగొస్తూ ఏదో మోటారు దొంగతనం కేసులో ఇరుక్కున్నాడు. నాలుగుసార్లు వెనక వరసలో గోడకి ఆనుకుని కూర్చున్నాడు, పాటకి పెదవి కదపలేదు. ఐదోసారి దగ్గరికొచ్చి, "మీరు పోస్టాఫీసులో సేసినారంట కదా. మాయమ్మకో ఉత్తరం రాసి పట్టుకెళ్తారేటి?" అన్నాడు. పట్టుకెళ్ళకూడదని, ఆఫీసు ద్వారా వెళ్ళాలని, వాళ్ళు చదివి జైలు ముద్ర వేసి పంపుతారని చెప్పాను. మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు. తానింకా చెన్నైలోనే ఉన్నానని వాళ్ళమ్మ అనుకుంటోందని వాడి నమ్మకం. ముద్ర చూస్తే తెలిసిపోతుంది. ఆమెకి చదువు రాదు, పోస్టుమ్యాన్ చదివి వినిపించాలి. అరుగు మీద ఉత్తరం చదివితే వీధంతా వింటుందని నాకంటే బాగా ఎవరికి తెలుసు?

మూడు వారాలు ఆ సంగతి ఎత్తలేదు. తర్వాత వాడే వచ్చి, "ఉత్తరం ఒద్దు. మీరెల్లి సెప్పండి. నెమ్మదిగా సెప్పండి" అన్నాడు. జైలర్‌గారికి చెప్పి, ఆయన సరేనన్నాకే బయలుదేరాను.

పలాసదాకా బస్సు, అక్కడినుంచి ఆటో. వెళ్ళేసరికి ఆమె ఇంటిముందు చాప మీద కూర్చుని జీడిపప్పు పొట్టు ఒలుస్తోంది. అంతకుముందు పిక్క కొట్టే పనికి వెళ్ళేదట. జీడి అంటుకుని వేళ్ళ చివర్లు నల్లగా, అక్కడక్కడ చర్మం లేచిపోయి ఉన్నాయి. నేను కొడుకు పేరు చెప్పానో లేదో, చేతిలో పప్పు కిందపడిపోయింది. "బతికున్నాడా బాబూ?" అంది. ఆరు నెలలుగా ఫోను లేదట, చచ్చిపోయాడనే అనుకుంటోందట! నేను బస్సులో కూర్చుని దారిపొడుగునా పేర్చుకున్న మాటలేవీ అక్కర్లేకపోయాయి. జైల్లో ఉన్నాడంటే ఆమె ఏడవలేదు, కేసేమిటని అడగలేదు. "అన్నం తింటన్నాడా?" అని మాత్రం అడిగింది.

తర్వాతి వారం ములాఖత్‌కి వచ్చింది. పనసకాలం. స్టీలు డబ్బా నిండా తొనలు తెచ్చింది. బయటి తిండి లోపలికి వెళ్ళదన్నారు. జాలీకి అవతల కొడుకు, ఇవతల ఆమె, మధ్యలో మరో పదిమంది అరుపులు. నేను దూరంగా గోడ దగ్గర నిలబడ్డాను. "ఏటిరా, ఇలా సిక్కిపోనావు" అన్నది ఒక్కటే వినబడింది. బయటికొచ్చాక ఆమె చెట్టుకింద కూర్చుని డబ్బా మూత తీసి, అక్కడ ఎదురుచూస్తున్నవాళ్ళందరికీ తలో రెండు తొనలు పంచింది. ముక్కూమొహం తెలియని వాళ్ళు. ఎవరి కొడుకో, ఎవరి మొగుడో లోపల ఉన్నవాళ్ళు. నాకూ ఇచ్చింది. ముప్పైఏళ్ళుగా సంఘంలో ప్రభురాత్రి భోజనం, ఆ రొట్టే ద్రాక్షరసం, తీసుకుంటున్నాను. ఆ పనసతొన నోట్లో పెట్టుకున్నప్పుడు వణికినట్టు నా చెయ్యి ఎప్పుడూ వణకలేదు.

ఇంతకీ ఆ కుర్రాడికి బెయిల్ వచ్చి అప్పటికే మూడు నెలలు దాటింది! లీగల్ ఎయిడ్ లాయరు తెచ్చిపెట్టాడు. ఇద్దరు జామీనుదారులు కావాలి, అంటే పూచీ ఉండేవాళ్ళు, ఒక్కొక్కరు పదివేలకి. ఆ సంతకం పెట్టే మనిషి లేక లోపల ఉండిపోయాడు. మేనమామని పాసుపుస్తకంతో ఒప్పించాం. రెండో మనిషి దొరకలేదు.

ఇంటిపన్ను రసీదు తీసి రెండో జామీనుగా నేనే వెళ్దామనుకున్నాను. ఇంట్లో పెద్ద గొడవ. మా ఆవిడ రెండురోజులు మాట్లాడలేదు. సంఘంలో ఒక పెద్దాయన ఇంటికొచ్చి మరీ చెప్పారు: పరిచర్య అంటే వాక్యం చెప్పడం, ఈ లోకవ్యవహారాల్లో చేయిపెట్టకండి, సామెతల గ్రంథం పరాయివాడికి పూచీ ఉండొద్దని ఎన్నిచోట్ల చెప్పిందో చూడండి అని. నిజమే, చెప్పింది. ఆరో అధ్యాయంలో ఉంది, పదకొండులో ఉంది, పదిహేడులో ఉంది, ఇరవైరెండులో ఉంది. నేను కాదనలేదు. ఫిలేమోనుకు రాసిన పత్రిక తెరిచి ఆయన ముందు పెట్టాను. ఇరవైఐదు వచనాలు, ఒక్క అధ్యాయం. పౌలు చెరలో ఉండి రాసినది. యజమాని ఫిలేమోను దగ్గరినుంచి వెళ్ళిపోయిన దాసుడు ఒనేసిము అక్కడ పౌలుకి తారసపడ్డాడు. వాణ్ణి తిప్పి పంపుతూ పౌలు ఏం రాశాడు? వీడు నీకేమైనా బాకీ ఉంటే నా లెక్కలో వేసుకో, నేనే తీరుస్తాను, ఇది నా చేతిరాత అని. తపాలా మనిషిగా చెబుతున్నాను, అది ఉత్తరం రూపంలో ఉన్న జామీను పత్రం. చెరలో ఉన్న నన్ను చూడవచ్చారని యేసు చెప్పిన మత్తయి సువార్త ఇరవైఐదో అధ్యాయం చదివి అందరూ చెరసాలకి బయలుదేరతారు, ఫిలేమోను దాకా ఎవరూ రారు. కాథలిక్కులకి ఈ సంగతి మనకంటే బాగా తెలుసనిపిస్తుంది. ఖైదీల కోసం వాళ్ళు ప్రార్థించే పునీతుడు మాక్సిమిలియన్ కోల్బే, 1941లో ఆష్విట్జ్‌లో తోటి ఖైదీ బదులు తానే చావుకి నిలబడ్డ మనిషి. మనల్ని అడుగుతున్నది ప్రాణం కాదు, ఇంటిపన్ను రసీదు.

పెద్దాయన సమాధానపడలేదు. ఇప్పటికీ నాతో ముభావంగానే ఉంటారు. రసీదు మాత్రం మా ఆవిడే బీరువాలోంచి తీసిచ్చింది.

మీరూ వెళ్ళి అందరికీ జామీను ఉండమని అనడం లేదు. అది ఇల్లూ వాకిలీ ఆలోచించుకుని చేయాల్సిన పని, మనిషిని నెలల తరబడి చూశాక చేయాల్సిన పని. కానీ బెయిల్ వచ్చినవాళ్ళు లోపల ఎంతమంది ఉన్నారో కనుక్కోవడం మాత్రం మీ చేతిలో పనే. సుప్రీంకోర్టు 2023 జనవరి 31న చెప్పింది: బెయిల్ ఇచ్చిన ఏడురోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు అధికారి జిల్లా న్యాయసేవాధికార సంస్థకి తెలియజేయాలి. నెలలోగా పూచీకత్తు పెట్టలేకపోతే, షరతులు సడలించే సంగతి కోర్టు తనంతట తానే పరిశీలించవచ్చు. పేద ఖైదీల కోసం కేంద్రం పెట్టిన పథకంలో బెయిల్‌కి డబ్బు సాయం ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షను, అంతకుముందు ఏ నేరానికీ దోషిగా తేలనివాడు గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం లోపలే గడిపితే బాండు మీద వదలాలంటోంది. చావుశిక్ష, యావజ్జీవం పడే కేసులకి, ఒకటికంటే ఎక్కువ కేసులు నడుస్తున్నవాళ్ళకి అది వర్తించదు. ఇవన్నీ నాకు ఆ కుర్రాడు బయటికొచ్చాక తెలిశాయి. ముందే తెలిసుంటే వాడు మూడు నెలలు ముందే బయటపడేవాడు, ఆ బాధ నాకు పోదు. న్యాయసేవల ఉచిత నంబరు 15100. బైబిలు అట్ట లోపల రాసిపెట్టుకోండి.

ఇంకో బాధ ఉంది. 2018 నవంబరులో గుజరాత్ వెరావల్ నుంచి వేటకెళ్ళిన మన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు పాకిస్తాన్‌కి చిక్కి కరాచీ జైల్లో ఉన్నప్పుడు, 2020 జనవరిలో వాఘా దాటి వచ్చేదాకా ప్రతి గుళ్ళో, ప్రతి చర్చిలో వాళ్ళ కోసం ప్రార్థనలు చేశాం. చేయాల్సిందే. మరి మన ఊరి బస్టాండుకి కూతవేటు దూరంలో, పదివేల పూచీ లేక కూర్చున్న పిల్లాడి పేరు మన ప్రార్థనల్లో ఎందుకు రాదు? వాడి తల్లి ఎదురుచూపు ఆ తల్లుల ఎదురుచూపు కంటే తక్కువదా?

ఆ కుర్రాడు బయటికొచ్చాక ఏమయ్యాడని అడుగుతారు. నన్ను ముంచేశాడని చాలామంది అనుకున్నారు. ఒకసారి వాయిదాకి రాలేదు, ఆరోజు కోర్టు వరండాలో నాకు కాళ్ళు చల్లబడ్డాయి. వారంటు వచ్చింది. మర్నాడు పొద్దున్నే పరిగెత్తుకొచ్చాడు, తల్లికి జ్వరం, ఆసుపత్రిలో పెట్టాడట. లాయరుతో అర్జీ వేయించి వారంటు రద్దు చేయించాం. మా ఆవిడ వాడికి భోజనం పెట్టి, వాయిదా తేదీలు గోడ క్యాలెండరు మీద ఎర్రసిరాతో గీసింది. చర్చికి రమ్మని నేనెప్పుడూ అడగలేదు. వచ్చాడో లేదో కూడా మీకు చెప్పను, దాన్ని లెక్కేసుకోవడానికి వాడికి పూచీ ఉండలేదు.

కేసు ఇంకా నడుస్తోంది. పలాసలో జీడి పరిశ్రమలో పనికి కుదిరాడు. వాయిదా ఉన్నరోజు తెల్లవారుజామున ఐదున్నరకి నా ఫోను మోగుతుంది.

"పోస్టు మాస్టారూ, బస్సెక్కీసినాను."