వైద్య పరికరాల కొలువుకు కర్మాగారం అనుభవం చాలదా?

ప్రశ్న: మాది గాజువాక. ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో డిప్లొమా చేసి, ఏడేళ్లుగా ఒక కర్మాగారంలో మోటార్లు, పంపుల కంపనాలను కొలుస్తూ, బేరింగు పాడవకముందే హెచ్చరించే పని చేస్తున్నాను. వైద్య పరికరాల తయారీ సంస్థలుండే మెడ్‌టెక్ జోన్ మాకు దగ్గరే కనుక వైద్య పరికరాల రంగానికి మారాలని ఉంది. అయితే ‘ప్రిడిక్టివ్ మెయింటెనెన్స్ ఇంజినీర్’ (యంత్రం చెడిపోకముందే లోపాన్ని పసిగట్టేవారు) కావాలనే ప్రకటనల్లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష, మెషీన్ లెర్నింగ్, బయోమెడికల్ డిగ్రీ అడుగుతున్నారు. 32 ఏళ్ల వయసులో నేను మళ్లీ చదువు మొదలుపెట్టాలా?

జవాబు: డిగ్రీ కోసం ఉద్యోగం మానుకోకండి. మీరు ఇప్పటికే చేస్తున్న పనిలో చాలా భాగం అక్కడ నేరుగా ఉపయోగపడుతుంది.

ఎమ్మారై యంత్రాన్నే తీసుకోండి. చాలా యంత్రాల్లో అయస్కాంతపు తీగచుట్టలు మైనస్ 269 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండే ద్రవ హీలియంలో మునిగి ఉంటాయి. ఆ హీలియం ఆవిరై పోకుండా ఒక కంప్రెసరు రాత్రింబవళ్లు నడుస్తుంది, ఆ కంప్రెసరును ఆరుబయట ఉండే చిల్లరు (నీటిని చల్లార్చి పంపే యంత్రం) చల్లబరుస్తుంది. మన సముద్రపు ఉప్పుగాలికి చిల్లరు కండెన్సరు రేకులు క్రమంగా దెబ్బతిని, నీటి ఉష్ణోగ్రత కొద్దికొద్దిగా పెరుగుతూ పోతే, చివరికి ఒకనాడు కంప్రెసరు ఆగిపోతుంది, స్కానింగు కోసం దూరం నుంచి వచ్చిన రోగులు వెనుదిరగవలసి వస్తుంది. ఆ ఉష్ణోగ్రతలను వరుసగా రాసుకుని చూసేవారికి ఈ సంగతి ముందుగానే తెలుస్తుంది. సీటీ స్కానరు ఎక్స్‌రే ట్యూబులో తిరిగే యానోడుకూ (ఎక్స్‌రేలు పుట్టే లోహపు బిళ్ల) బేరింగులే ఆధారం, ట్యూబులో విద్యుత్ మెరుపులు ఎన్నిసార్లు వచ్చాయో యంత్రం తన లాగ్‌లో (తనలో జరిగినవాటి చిట్టాలో) తానే నమోదు చేసుకుంటుంది. ఆ లెక్క పెరుగుతున్నప్పుడే గమనించినవారు లక్షల ఖరీదు చేసే కొత్త ట్యూబును ముందే తెప్పించుకోగలరు.

మీరు కొత్తగా నేర్చుకోవలసింది, చప్పుడు చేయకుండా వచ్చే లోపాల గురించి. వెంటిలేటరులోని ఆక్సిజన్ సెన్సారు చాలా నమూనాల్లో ఒక రసాయన ఘటం. అది ఆక్సిజన్ తగులుతూ ఉన్నకొద్దీ అరిగిపోతుంది, దానికి కంపనమూ ఉండదు, వేడీ ఉండదు. రక్తనాళంలోకి మందును కొలిచి ఎక్కించే ఇన్‌ఫ్యూజన్ పంపు ఇచ్చే మందు పరిమాణం కొద్దిగా తప్పినా పంపు మామూలుగానే తిరుగుతుంది, కొలిచి చూస్తే తప్ప బయటపడదు. ఏ లోపం ముందుగా జాడ విడుస్తుందో, ఏది విడవదో విడమరిచి చెప్పగలగడమే ఈ ఉద్యోగానికి అసలైన అర్హత అని నా నమ్మకం. నియామకాలు చేసేవారు ఇది అడగకుండా కోడింగు పరీక్షతోనే వడపోయడం నాకు బాధ కలిగిస్తుంది. ఒక ఆసుపత్రిలో ఒకే సీటీ యంత్రం ఉంటే అది పెద్దగా చెడిపోయే సందర్భాలు ఏడాదికి ఒకటో రెండో ఉంటాయి. అంత తక్కువ ఉదాహరణలతో ఏ మెషీన్ లెర్నింగ్ మోడలూ పెద్దగా నేర్చుకోజాలదు కనుక, యంత్రం తెలిసిన మనిషి అవసరం తీరిపోదు.

పైథాన్ మాత్రం కొంత నేర్చుకోండి. లాగ్ ఫైలును చదివించి, ఒక గీతపటం వేయగలిగితే మొదటి మెట్టుకు చాలు. పరికరాల రూపకల్పన ఉద్యోగాలకు డిగ్రీ లేకపోతే కష్టమే. సర్వీసు, ఇన్‌స్టలేషన్, విశ్వసనీయత పరీక్షల విభాగాల్లో మీకు చోటు దొరికే అవకాశం ఎక్కువ. మొదటి ఏడాది హోదా కాస్త తగ్గినా ఒప్పుకోండి. వైద్య పరికరాల నిబంధనలు 2017, వైద్య పరికరాల నాణ్యత నిర్వహణకు సంబంధించిన ఐఎస్ఓ 13485 ప్రమాణం ఒకసారి ఓపికగా చదవండి, ఎందుకంటే ఇక్కడ మార్చిన ప్రతి భాగానికీ, సవరించిన ప్రతి సాఫ్ట్‌వేరుకూ రాతపూర్వక ఆధారం ఉండాలి. ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు, మీరు ముందుగా పట్టుకున్న ఒక లోపం గురించి, ఏ కొలత చూసి అనుమానించారో, విప్పి చూస్తే ఏం కనిపించిందో ఒక పేజీలో రాసి తీసుకువెళ్లండి. మీరు పట్టుకోలేకపోయిన లోపం ఒకటి కూడా అందులో ఉండాలి.

ప్రశ్న: మద్దిలపాలెంలో మాకు చిన్న నర్సింగ్ హోమ్ ఉంది. సెన్సార్లు అమర్చుకుంటే ఏటా క్యాలిబ్రేషన్ (పరికరం కొలతలు సరిగ్గా ఉన్నాయో లేదో పరీక్షించి సరిచేయడం) అక్కర్లేదని ఒక విక్రేత చెబుతున్నారు. నమ్మవచ్చా?

జవాబు: నమ్మవద్దు. యంత్రం ఆగిపోబోతోందా అన్నది సెన్సారు చెప్పగలదు. గుండెకు విద్యుత్ షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటరు మీద 200 జౌళ్ల శక్తి పెట్టినప్పుడు రోగికి నిజంగా అంతే అందుతోందా అన్నది ఎనలైజరు అనే పరీక్షా పరికరంతో కొలిచినప్పుడే తేలుతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల పరికరాల నిర్వహణ కోసం 2015లో మొదలైన జాతీయ కార్యక్రమం జిల్లా ఆసుపత్రుల్లో పరికరాలు 95 శాతం కాలం పనిచేస్తూ ఉండాలని లక్ష్యం పెట్టుకుంది. అది అవసరమైన లక్ష్యమే అయినా, పనిచేస్తున్న యంత్రం సరిగ్గా కొలుస్తోందని దాని అర్థం కాదు. సెన్సార్లకు పెట్టదలచిన డబ్బుతో ముందు ఒక బయోమెడికల్ టెక్నీషియన్‌ను, పూర్తి జీతానికి వీలుకాకపోతే పక్కనున్న మరో రెండు నర్సింగ్ హోములతో కలిసి, నియమించుకోండి. ప్రతి పరికరానికీ ఒక రిజిస్టరు పెట్టించి, బ్యాటరీ మార్చిన తేదీ, అలారం మోగిన సమయం, చేసిన మరమ్మతు అందులో రాయించండి. ఏడాది తరువాత ఏ పరికరానికి సెన్సారు అవసరమో ఆ రిజిస్టరు చూసి నిర్ణయించుకోవచ్చు.